చలికాలం పొద్దున్నే ఏసీ వేస్తే వణుకు, ఆపితే గుడ్డి అద్దం. ఏం చెయ్యాలి?

కొబ్బరిమట్ట
నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకి అమలాపురం నుంచి రాజమండ్రి స్టేషన్‌కి బయల్దేరాం. బండిలో ఐదుగురం. నేను, మా ఆవిడ, అమ్మ, ఇద్దరు పిల్లలు. బయట పొగమంచు దట్టంగా ఉంది. బండి ఆరేళ్ల పాత పెట్రోల్‌ది, మామూలు నాబుల ఏసీ. ముక్కామల దాటేసరికి ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసింది. గుడ్డతో తుడిస్తే అర నిమిషంలో మళ్లీ అంతే. ఏసీ వేస్తే అద్దం తేటపడుతోంది కానీ పిల్లలు చలికి ముడుచుకుపోయారు. "ధనుర్మాసంలో ఏసీ ఏవిట్రా, బుద్ధుందా" అని అమ్మ తిట్లు. ఆపితే మళ్లీ ఏమీ కనపడదు. కొత్తపేట దగ్గర ఒక మలుపులో ఎడమ చక్రం గట్టు మట్టిలోకి దిగింది. అవతల కాలవ. ఆ తర్వాత స్టేషన్ దాకా బండిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో సంగతి. ఏసీ వేసినంతసేపూ కంప్రెసర్ టక్‌మని పడుతోంది, పది సెకన్లకి ఆగిపోతోంది, మళ్లీ పడుతోంది. వేసవిలో ఇలా లేదు. ఇవాళ ఏసీ మెకానిక్‌కి చూపిస్తే గ్యాస్ తగ్గింది, రెండున్నర వేలవుతుంది అన్నాడు. నిజంగా గ్యాసేనా?

గోదారిగట్టు
చలికాలంలో ఏసీ వెయ్యడమే తప్పండి. రెండు పక్కలా అద్దాలు వేలెడంత దించితే చాలు. ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాను, ఒక్క చలికాలంలో కూడా ఏసీ ముట్టుకోలేదు.

ఐటీ_అల్లుడు
వేలెడంత దించి జొన్నాడ వంతెన ఎక్కితే చెవులు ఊడి గోదాట్లో పడతాయి గురూగారూ.

రొయ్యలచెరువు
@కొబ్బరిమట్ట కాటన్ దొర కాలవలు తవ్వించింది వరికి నీళ్లు పెట్టడానికండి, బండి దించడానికి కాదు. మొత్తానికి క్షేమంగా చేరారు, అది చాలు.

స్పానర్_బాబాయ్
గ్యాస్ డబ్బులు ఇచ్చెయ్యకండి, కాస్త ఆగండి. ముందు ఇవి చెప్పండి. వేడి-చల్లదనం నాబ్ నీలం వైపు ఉందా, ఎరుపు వైపా? కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగే బటన్ ఒకటుంటుంది, బయటి గాలి రానివ్వకుండా లోపలి గాలినే తిప్పేది, దాని లైటు వెలుగుతోందా? ఆవిరి లోపలివైపే అని వేలితో గీసి చూశారా, ఊరికే అంటున్నారా?

కొబ్బరిమట్ట
వేలితో గీశాను, లోపలివైపే. మా చిన్నది దాని మీద పువ్వు బొమ్మ కూడా వేసింది. నాబ్ నీలం చివర ఉంది. బండి కొన్నప్పటినుంచీ అక్కడే. ఎరుపు వైపు తిప్పితే ఇంజన్ వేడెక్కిపోతుందని అప్పట్లో ఎవరో అన్నారు. గుండ్రటి బాణం ఎప్పుడూ వేసే ఉంటుంది, దుమ్ము రాకుండా.

స్పానర్_బాబాయ్
అదీ సంగతి. ఆరేళ్లుగా ఆ బండిలో సగం సామాను మీరు వాడనేలేదు.

ఎరుపు వైపు తిప్పితే ఇంజన్ వేడెక్కదు, పైగా కాస్త చల్లబడుతుంది కూడా. ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ వేడి నీళ్లు డాష్‌బోర్డు వెనకాల ఒక చిన్న రేడియేటర్‌లోంచి వెళ్తాయి. అదే హీటర్. ఎలాగూ బయట పారేసే వేడినే మీకు కొంచెం పెడుతుంది. దానికి పెట్రోలేమీ ఖర్చు కాదు. అందుకే నడిరోడ్డు మీద ఎండలో ఇంజన్ వేడెక్కితే పాత డ్రైవర్లు ఏసీ కట్టేసి హీటర్ ఫుల్లుగా పెట్టేవాళ్లు. బండిలో కూర్చున్నవాళ్లు ఉడికిపోయేవాళ్లు గానీ ఇంజన్ బతికేది.

చలికాలం పొద్దున్నే చెయ్యాల్సింది ఇదీ: ఏసీ బటన్ వెయ్యండి, నాబ్ ఎరుపు వైపు సగానికి పైగా తిప్పండి, గాలి ముందు అద్దానికి తగిలేలా పెట్టండి, గుండ్రటి బాణం తీసెయ్యండి. ఇంజన్ వేడెక్కడానికి ఐదారు నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా చల్లగాలే వస్తుంది. డీజిల్ బండైతే ఇంకాస్త ఎక్కువ. అందుకని బయల్దేరగానే పిల్లలకి దుప్పటి కప్పండి, ఊరు దాటేసరికి వాళ్లే తీసేస్తారు.

కంప్రెసర్ టక్కుటక్కు సంగతి రాత్రికి రాస్తాను. కొట్లో జనం ఉన్నారు.

గోదారిగట్టు
ఏసీ వేసి హీటర్ కూడా వెయ్యాలా? పొయ్యి మీద ఐసుగడ్డ పెట్టి అది కరక్కుండా పక్కన ఫ్రిజ్ తెరిచినట్టుంది. రెండిట్లో ఏదో ఒకటి పనిచేస్తుంది, రెండోది దండగ.

తణుకు_సైన్సు_టీచరమ్మ
@గోదారిగట్టు దండగ కాదండి. ఆ రెండూ చేసే పనులు వేరు. ఏసీ అంటే చల్లబరిచేది అని మనం అనుకుంటాం. చలికాలంలో దాని అసలు పని గాలిని ఆరబెట్టడం.

చల్లటి మజ్జిగ గ్లాసు బల్ల మీద పెడితే బయటివైపు చెమట పడుతుంది కదా. ఆ నీళ్లు మజ్జిగలోంచి రాలేదు, గాలిలోంచి వచ్చాయి. మీ ముందు అద్దం ఆ గ్లాసే, కాకపోతే చల్లదనం బయట ఉంది, తేమ లోపల ఉంది.

కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకండి. 25 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి 23 గ్రాముల దాకా నీటి ఆవిరి మోయగలదు. 15 డిగ్రీల గాలి 13 గ్రాములే మోస్తుంది. కూర్చున్న మనిషి ఊపిరీ చెమటా కలిపి గంటకి దాదాపు 50 గ్రాముల నీరు వదులుతాడు. కొబ్బరిమట్ట గారి బండిలో ఐదుగురు, అంటే గంటకి పావు లీటరు. గుండ్రటి బాణం వేసి ఉంది కాబట్టి బయటికి పోయే దారి లేదు. అద్దం మీదికి బయట మంచుగాలి కొడుతోంది. దాన్ని తాకిన గాలి చల్లబడి, మోయలేని నీటిని అక్కడే దింపేస్తోంది.

ఇప్పుడు ఏసీ వేస్తే గాలి ముందుగా కూలింగ్ కాయిల్ మీదుగా వెళ్తుంది. అక్కడ 5 డిగ్రీలకి దిగిందనుకోండి, 7 గ్రాములకి మించి మోయలేదు. మిగతాది నీరై బండి కింద గొట్టంలోంచి కారిపోతుంది. ఆ తర్వాతే హీటర్ వస్తుంది. అదే గాలిని 25కి వేడి చేస్తే, 23 గ్రాములు పట్టే గాలిలో ఉన్నది 7 గ్రాములే. ఆకలి మీదున్న గాలి అన్నమాట. అద్దం మీద ఉన్నదంతా తాగేస్తుంది. ఏసీ ఒక్కటే వేస్తే అద్దం తేటపడుతుంది, పిల్లలు వణుకుతారు. హీటర్ ఒక్కటే వేస్తే గాలి వెచ్చబడుతుంది కానీ నీరు ఎక్కడికీ పోదు. పొగమంచు రోజున రెండూ ఉంటేనే హాయి.

గుండ్రటి బాణం గురించి ఇంకో మాట. గంటల తరబడి అలాగే ఉంచితే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ కూడా లోపలే పేరుకుంటుంది. తెల్లవారుజామున డ్రైవింగ్‌లో వచ్చే మత్తుకి అదీ ఒక కారణం.

ఐటీ_అల్లుడు
"ఆకలి మీదున్న గాలి". టీచరమ్మగారూ, ఇది పండక్కి అత్తారింటికి వచ్చిన అల్లుడి మీద వేసినట్టుంది.

తణుకు_సైన్సు_టీచరమ్మ
గాలికి ఎక్కడో ఒక చోట చాలు అనేది ఉంటుంది బాబూ.

గోదారిగట్టు
లెక్క బానే ఉంది. అయినా అద్దాలు దించితే ఆవిరి పోతోందిగా, అదెలా?

తణుకు_సైన్సు_టీచరమ్మ
పోతుందండి. బయటి గాలిలో లోపలికంటే నీరు తక్కువ ఉంటుంది కాబట్టి. ముందు ఇద్దరే ఉంటే మీ పద్ధతి సరిపోతుంది. ఐదుగురుండి బయట నిండా పొగమంచు ఉన్నప్పుడు ఆ తేడా చాలదు. వానాకాలంలో అయితే అద్దాలు దించే వీలే ఉండదు.

రొయ్యలచెరువు
మాకు జబ్బు ఇంకో రకం. ఉండి, ఆకివీడు పక్క రోడ్డుకి రెండువైపులా చెరువులే. వానాకాలం రాత్రి ఏసీ ఫుల్లుగా పెట్టుకుని వస్తుంటే అద్దం తెల్లగా అయిపోయింది. లోపల తుడుస్తాను, తుడుస్తాను, ఎంతకీ పోదు. పది నిమిషాల తర్వాత తెలిసింది అది బయటివైపని. వైపర్ ఒక్కసారి వేస్తే పోయింది. నాతో ఉన్న మా బావమరిది ఇప్పటికీ ఈ కథ పెళ్లిళ్లలో చెప్తున్నాడు.

స్పానర్_బాబాయ్
అందుకే వేలితో గీశారా అని అడిగింది. లోపలైతే గాలి ఆరబెట్టాలి. బయటైతే అద్దం మరీ చల్లబడిందని అర్థం. వైపర్ వేసి, ఏసీ గాలి అద్దం మీదనుంచి మళ్లించి, నాబ్ కొంచెం వెచ్చవైపు తిప్పాలి. అద్దం ఒకటే, వైద్యాలు రెండు.

ఇక టక్కుటక్కు. కూలింగ్ కాయిల్ మీద ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. కాయిల్ సున్నా దగ్గరికి వస్తుంటే, మామూలుగా 1 నుంచి 3 డిగ్రీల మధ్యలో, కంప్రెసర్‌ని ఆపేస్తుంది. లేకపోతే కాయిల్ మీద నీరు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. వేసవిలో 42 డిగ్రీల గాలి తగులుతుంటే కాయిల్ అంత చల్లబడడానికి చాలాసేపు పడుతుంది, కంప్రెసర్ పరిగెడుతూనే ఉంటుంది. జనవరి పొద్దున 17 డిగ్రీల్లో, బ్లోయర్ ఒకటి మీద పెడితే, పది సెకన్లలో పని అయిపోతుంది. ఆగుతుంది, మళ్లీ పడుతుంది. ఇది జబ్బు కాదు.

అయితే గ్యాస్ తగ్గినా ఇలాగే కొట్టుకుంటుంది, అక్కడే వచ్చింది చిక్కు. తేడా తెలియాలంటే మిట్టమధ్యాహ్నం బండి ఎండలో పెట్టి, తలుపులన్నీ తీసి, బ్లోయర్ ఫుల్లు, నాబ్ నీలం చివర, ఏసీ వెయ్యండి. అప్పుడు కూడా కొన్ని సెకన్లకోసారి పడిలేస్తుంటే గ్యాస్ అనుమానించాలి. ఒక నిమిషం పాటు ఆగకుండా తిరిగితే గ్యాస్ జోలికి పోకండి.

గేజీ పెట్టి "ప్రెషర్ తక్కువుంది" అంటే కూడా నమ్మెయ్యకండి. మన పాత బండ్లలో ఉండే ఆర్134ఎ గ్యాస్ ప్రెషర్ చలికి తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర ఆగి ఉన్న బండిలో గేజీ 68 పీఎస్‌ఐ చూపిస్తే, సున్నా డిగ్రీల దగ్గర 28 చూపిస్తుంది, గ్యాస్ ఒక్క చుక్క పోకుండానే. సరైన పద్ధతి తూకం. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఉన్నది లాగి, తూచి, అంతే నింపాలి. ఎక్కువైనా కష్టమే.

కొబ్బరిమట్ట
బాబాయ్ గారూ, ఇదంతా ఆ మెకానిక్‌కి చెప్తే కొడతాడు.

స్పానర్_బాబాయ్
చెప్పకండి. ఆదివారం మధ్యాహ్నం పరీక్ష మాత్రం చెయ్యండి.

@గోదారిగట్టు మిమ్మల్ని ఒకటి అడగనా? మీరు ప్రతి ఏడాదీ ఏప్రిల్లో గ్యాస్ కొట్టిస్తారా?

గోదారిగట్టు
ప్రతి ఏడాదీ కాదు, రెండేళ్లకోసారి. మీకెలా తెలుసు?

స్పానర్_బాబాయ్
కంప్రెసర్‌కి కావలసిన నూనె గ్యాస్‌తోపాటే తిరుగుతుంది. నాలుగు నెలలు ఏసీ ముట్టుకోకపోతే షాఫ్ట్ దగ్గర సీలు ఎండిపోతుంది. గ్యాస్ సన్నగా జారుకుంటుంది. చలికాలంలో వారానికోసారి పది నిమిషాలు వేసి ఉంటే ఆ డబ్బులు మిగిలేవి.

గోదారిగట్టు
ముప్పై ఏళ్ల తర్వాత చెప్పారు.

ఐటీ_అల్లుడు
నేనూ ఒక అనుభవం చెప్తాను. పోయిన డిసెంబర్లో లంబసింగి వెళ్లాం. అది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, పొద్దున ఐదింటికి బండి తెర మీద 3 డిగ్రీలు చూపిస్తోంది. ఏసీ బటన్ లైటు వెలిగింది, కంప్రెసర్ పడితే ఒట్టు. గ్యాస్ పోయిందనుకుని టెన్షన్. కొండ దిగి నర్సీపట్నం వచ్చేసరికి దానంతటదే పడింది. మా ఆవిడ "బండికి కూడా నీలాగే పొద్దున్నే లేవడం బద్ధకం" అంది.

స్పానర్_బాబాయ్
మీ బండిలో బయటి ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఉంది. చాలా బండ్లలో 3-5 డిగ్రీల కిందికి వస్తే కంప్రెసర్‌ని పడనివ్వదు. అంత చలిలో నూనె చిక్కబడుతుంది, కాయిల్ గడ్డకడుతుంది. అందుకే ఆ కాపలా. మన డెల్టాలో చలి ఎంత ముదిరినా అక్కడిదాకా రాదు. కాబట్టి మన దగ్గర పొద్దున ఏసీ అసలు పడకపోతే చలి మీద తోసెయ్యకుండా బండిని చూపించుకోవాలి.

మంచులో_పాలకొల్లోడు
షికాగో నుంచి. ఇక్కడ మైనస్ 15లో ఏసీ కంప్రెసర్ పడదు, ఎవరూ పట్టించుకోరు కూడా. టీచరమ్మగారి లెక్కలో చెప్పాలంటే అంత చలిగాలిలో ఘనపు మీటరుకి రెండు గ్రాముల నీరు కూడా ఉండదు. దాన్ని వేడి చేస్తే చాలు, అదే పొడిగాలి. మన పొగమంచు 17 డిగ్రీల్లో నీళ్లతో నిండి ఉంటుంది. అంటే చలికాలంలో ఏసీ అవసరం నాకంటే మీకే ఎక్కువ. ఈ మాట ఇక్కడి మిత్రులకి చెప్తే నవ్వుతున్నారు.

రొయ్యలచెరువు
షికాగోలో ఉండి పాలకొల్లు పేరు పెట్టుకున్నందుకు ఒక దిమ్మిసరొట్టె పార్సిల్.

మంచులో_పాలకొల్లోడు
వచ్చేసరికి రాయి అవుతుంది. అయినా పంపండి.

బ్యాటరీబండి
కాకినాడ నుంచి, కరెంటు కారు. మాకు పారేసే ఇంజన్ వేడి లేదు. హీటర్ అంటే కరెంటు పొయ్యే. మొన్న పొద్దున హీటర్ వేస్తే తెర మీద వెళ్లగలిగే దూరం కళ్ల ముందే తగ్గింది. అందుకని ఇంట్లోనే బండి ఛార్జింగులో ఉండగా పది నిమిషాల ముందు ఫోన్లోంచి వేసేస్తున్నాను. ఇంటి కరెంటుతోనే అద్దం తేటపడుతుంది, లోపలా వెచ్చబడుతుంది.

పాత_అంబాసిడర్
మా నాన్నగారి అంబాసిడర్‌కి ఏసీ అంటే డాష్‌బోర్డు కింద వేలాడే పెట్టె. లోపలి గాలినే మళ్లీ మళ్లీ చల్లబరిచేది. హీటర్ గీటర్ ఏమీ లేదు. పొగమంచులో అద్దానికి బీడీ పొగాకు తడిపి రుద్దేవాళ్లు డ్రైవర్లు. నీళ్లు బొట్లు కట్టకుండా పలచగా జారేవి. బండంతా పొగాకు కంపు, మా అమ్మ వాంతులు.

తణుకు_సైన్సు_టీచరమ్మ
పొగాకు వద్దుగానీ అద్దం లోపలివైపు శుభ్రంగా ఉంచడం మాత్రం ముఖ్యం. అగరబత్తి పొగ, ప్లాస్టిక్కులోంచి వచ్చే జిడ్డు పొరలా పడుతుంది, ఆవిరి దానికి తేలిగ్గా అంటుకుంటుంది. డాష్‌బోర్డు మీద వినాయకుడికి రోజూ రెండు బత్తులు వెలిగించేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి.

కొబ్బరిమట్ట
(చెయ్యెత్తాను.)

రొయ్యలచెరువు
నా బండిలో ఎరుపు వైపు ఎంత తిప్పినా వెచ్చగాలి రావట్లేదు. ఇంజన్ ముల్లు కూడా ఎప్పుడూ కిందే ఉంటుంది. ఏం చెయ్యాలి?

స్పానర్_బాబాయ్
ఎప్పుడైనా థర్మోస్టాట్ తీయించారా? అదే, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది.

రొయ్యలచెరువు
రెండేళ్ల కింద వేసవిలో వేడెక్కుతోందంటే ఒకాయన తీసేశాడు. "మన ఎండలకి ఇది అక్కర్లేదు" అన్నాడు.

స్పానర్_బాబాయ్
అదే మరి. ఇంజన్‌కి కావలసిన వేడి అందకముందే నీళ్లు రేడియేటర్‌కి పోతున్నాయి. హీటర్ వెచ్చబడదు, మైలేజీ తగ్గుతుంది, ఇంజన్ తొందరగా అరుగుతుంది. మళ్లీ వేయించండి. వేసవిలో ఎందుకు వేడెక్కిందో అసలు కారణం అప్పుడు వెతకండి.

అడ్మిన్_అన్న
భోగి మంటల ఫొటోలు, పందెం కోళ్ల వీడియోలు ఇక్కడ పెట్టినవి తీసేశాను. దానికి వేరే చర్చ ఉంది. ఇది అద్దం చర్చ.

కొబ్బరిమట్ట
ఆదివారం పరీక్ష చేశాను. మధ్యాహ్నం ఒంటిగంట, ఎండలో, తలుపులు తీసి. కంప్రెసర్ నిమిషంన్నర ఆగకుండా తిరిగింది. గ్యాస్ బానే ఉంది.

కానీ గుండ్రటి బాణం తీసేస్తే గాలి దాదాపు రావట్లేదు. బ్లోయర్ శబ్దం ఉంది, గాలి లేదు. మళ్లీ బాణం వేస్తే వస్తోంది. ఇదేంటి?

స్పానర్_బాబాయ్
బయటి గాలి వచ్చే దారి ఎక్కడో మూసుకుపోయింది. బానెట్ ఎత్తి, వైపర్ల కింద జాలీ దగ్గర చూడండి. తర్వాత గ్లవ్ బాక్స్ విప్పి క్యాబిన్ ఫిల్టర్ లాగండి. మీది కోనసీమ కదా, కోతలైపోయాక ఎలకలు చేలోంచి ఇళ్లలోకి, బండ్లలోకి వస్తాయి. చేతికి గుడ్డ చుట్టుకుని మరీ లాగండి.

కొబ్బరిమట్ట
మీరు జ్యోతిష్యం చెప్పుకోవచ్చు. ఫిల్టర్ పైన, గాలి దారికి అడ్డంగా గూడు. కొబ్బరి పీచు, వరిగడ్డి, పిడికెడు వడ్లు, మా అబ్బాయి స్కూలు సాక్సు సగం. ఆ సాక్సు కోసం దసరా నుంచీ ఇంట్లో గొడవ. ఎలక లేదు, అద్దె ఖాళీ చేసి పోయినట్టుంది. ఒక వైరు పై తొడుగు కొరికింది కానీ లోపలి తీగ బానే ఉంది, టేపు చుట్టాను. ఫిల్టర్ మాత్రం కొత్తది వేశాను, మూడు వందల యాభై.

ఐటీ_అల్లుడు
వడ్లు కూడా తెచ్చుకుందంటే ఆ ఎలక సంక్రాంతికి వచ్చిన అల్లుడే.

గోదారిగట్టు
నా బండీ చూశాను. గూడు లేదు కానీ ఫిల్టర్ నల్లగా, మసిగుడ్డలా ఉంది. అలాంటిదొకటి అందులో ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది.

కొబ్బరిమట్ట
ఇవాళ మళ్లీ అదే సమయానికి, అదే రోడ్డు మీద వెళ్లొచ్చాం. బంధువులని స్టేషన్ నుంచి తేవాలి. ఏసీ వేశాను, నాబ్ ఎరుపు వైపు ముప్పావు, బాణం తీసేశాను, గాలి అద్దానికి. మొదటి ఐదు నిమిషాలు చలి. ముక్కామల వచ్చేసరికి వెచ్చబడింది, అద్దం అద్దంలా ఉంది. మంచు మాత్రం అంతే ఉంది, ముప్పై మీద నడిపాను, లైట్లు లో-బీమ్‌లోనే ఉంచాను. హై-బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడలా కనిపించింది.

అమ్మకి ఏసీ వేసి ఉందని చెప్పలేదు. రావులపాలెంలో టీ తాగడానికి ఆగినప్పుడు, "చూశావా, ఏసీ కట్టేస్తే ఎంత హాయిగా ఉందో" అంది.

గోదారిగట్టు
ఆవిడకి చెప్పకండి.

పాత_అంబాసిడర్
గ్యాస్ కొట్టిస్తానన్న మెకానిక్ మళ్లీ కనిపించాడా?

కొబ్బరిమట్ట
కనిపించాడు. గ్యాస్ కాదు, ఎలక గూడు అని చెప్పాను. "అదే అనుకున్నానండి" అన్నాడు.